బిళ్ళ నిలబడితేనే బండి

"...పడిందా లేదా? అదొక్కటి చెప్పు. మిగతా పురాణం నాకొద్దు."

"పడింది బావా. పడలేదని ఎవరన్నారు? నువ్వు చెయ్యి తీసేటప్పుడు..."

"ఆఁ, తీసేటప్పుడు? ఏమైంది?"

"ఏం కాలేదు. కాస్త తొందరగా తీశావేమో అంటున్నా."

"కార్బొరేటర్ అంటే కుళాయి అని నువ్వనుకునే రోజుల నుంచి తీస్తున్నానురా ఈ చెయ్యి. తొందరట, తొందర! ఇంజను ఊగుతోంది, బిళ్ళ పడింది. విప్పు."

"మళ్ళీనా?"

"మళ్ళీనే. నీకేం పోయింది? మీ అత్తగారి సొమ్మా?"

బానెట్ ఎత్తి ఉన్న పాత జీపుకి చెరో పక్కన నిలబడి ఉన్నారు ఇద్దరూ. మధ్యలో ఇంజను ఆడుతూనే ఉంది. చిన్న మేస్త్రీ తాళం తిప్పి ఇంజను ఆపాడు. బ్యాటరీ సందులోకి దొర్లిన బిళ్ళని వంగి వెతికి తీసి, చొక్కాకి తుడిచి బావకి ఇవ్వబోయాడు. పెద్ద మేస్త్రీ కుడిచెయ్యి అప్పటికే ప్యాంటు జేబులోకి వెళ్ళిపోయింది. ఎడమచేత్తో అందుకున్నాడు.

వీధిలో అందరూ వాళ్ళని పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ అనే పిలుస్తారు. చిన్న మేస్త్రీకి నలభై దాటి, నడినెత్తి మీద జుట్టు సెలవు తీసుకున్నా ఆ 'చిన్న' మాత్రం పోలేదు. పెద్ద మేస్త్రీ అతని అక్క మొగుడు. చదువు ఒంటబట్టక ఇంట్లో గోడలకి కాపలా కాస్తున్న కొడుకుని, కూతురి పెళ్ళయిన ఏడాదికి తండ్రి తీసుకొచ్చి ఈ షెడ్డులో దింపి వెళ్ళాడు. "అక్కతో పంపాల్సిన సామాన్లలో నేనొక్కణ్ణే ఆలస్యంగా చేరాను" అని ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు. అప్పట్నుంచి బావ చెప్పడం, తను చెయ్యడం. షెడ్డులో ఏ బండి విషయంలోనూ చివరి మాట అతనిది కాలేదు. కావాలని అతనూ కోరుకోలేదు. దాయాది చావగోరతాడు, బావమరిది బతకగోరతాడని సామెత. ఇతని విషయంలో అది అక్షరాలా నిజం.

అది రేకుల షెడ్డు. ఒక పక్క వెల్డింగు కొట్టు, రెండో పక్క పాత టైర్ల గోదాము. నేలంతా ఏళ్ళ తరబడి ఇంకిన ఆయిలు గట్టిపడి నల్లటి తోలులా తయారైంది. ఎదుటి గోడకి వరసగా స్పానర్లు వేలాడుతుంటాయి. ఒక్కొక్క స్పానరు వెనక గోడ మీద దాని ఆకారం తెల్ల పెయింటుతో గీసి ఉంటుంది, ఏది తీస్తే దాని ఖాళీ కనబడేలా. ఆ గీతలన్నీ పెద్ద మేస్త్రీ కొత్తలో గీసినవే. బ్రష్షు ఎక్కడా తడబడలేదు, ఎక్కడా రెండోసారి దిద్దలేదు.

ఆయన చేతులు అలాంటివి. ప్లగ్గులకి కరెంటు అందించే పాయింట్ల మధ్య సందు చూడటానికి అందరూ రేకు గేజీ పెడితే, ఆయన గోరు పెట్టేవాడు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఏ సిలిండరు పని ఎగ్గొడుతోందో చెప్పేవాడు. అన్నిటినీ మించినది ఆ బిళ్ళ. ఎప్పుడో చెల్లుబాటు పోయిన మందపాటి నాణెం. ఆయనకి పని నేర్పిన మేస్త్రీ ఇచ్చింది. బండి కదలకుండా, ఎవరూ యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను తనంతట తాను ఆడటాన్ని షెడ్డుల్లో 'స్లో' అంటారు. స్లో సరిగ్గా ఉంటే ఇంజను పైమూత మీద ఆ బిళ్ళ అంచు మీద నిలబడాలి. నిలబడితేనే బండి గేటు దాటాలి. అది ఆ షెడ్డు కట్టుబాటు. చూడటానికి వచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు ఒకప్పుడు. ఇప్పటి బండ్ల ఇంజన్లకి ప్లాస్టిక్ తొడుగులొచ్చాక బిళ్ళకి పని తగ్గింది. ఈ జీపు రాకముందు అది చాలాకాలంగా సొరుగులోనే ఉంది.

జీపు పశువుల డాక్టరమ్మది. రోడ్డు ఆగిపోయిన చోట నుంచి మొదలవుతుంది ఆవిడ ఉద్యోగం. రాళ్ళబాట ఎక్కి, వాగులు దాటి, కొండ మీది మందల దగ్గరికి వెళ్ళాలి. ఫోర్ వీల్ ఉన్న ఆ ముసలి జీపు తప్ప మరొకటి అక్కడికి పోదు.

"పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది మేస్త్రీ. ఆపితేనే తంటా. వణికి వణికి చచ్చిపోతుంది" అని చెప్పింది ఆవిడ, జీపు తెచ్చినరోజున. "మొన్న ఏటవాలులో గేరు మార్చబోతే పుటుక్కున ఆగిపోయింది. వెనక్కి జారాం. ఓ బండరాయి అడ్డం పడి బతికించింది."

అన్నదమ్ముల్లాంటి ఆ బావా బావమరుదులు వరసగా చూసుకుంటూ వచ్చారు. ప్లగ్గులు బాగానే ఉన్నాయి. వైర్లు బాగానే ఉన్నాయి. పాయింట్లు గీకారు. పెట్రోలు గొట్టం ఊది చూశారు. చివరికి చిన్న మేస్త్రీ ఇంజెక్షను సిరంజిలో కాస్త పెట్రోలు తీసుకుని, ఇంజను ఆడుతుండగా, పెట్రోలులో గాలి కలిపే కార్బొరేటర్ అడుగున చుట్టూ చిలకరించాడు. ఒకచోట చుక్క పడగానే ఇంజను గొంతు మారింది. పడబోయి నిలదొక్కుకున్న మనిషిలా పైకి లేచింది. అక్కడే గాలి లాగుతోంది. విప్పి చూస్తే అడుగున, గాలి చొరబడకుండా వేసే ప్యాకింగు అట్ట ఒకమూల పొడి అయిపోయి ఉంది. కార్బొరేటర్ అడుగు కూడా కొద్దిగా వంగింది. గాజుపలక మీద ఎమెరీ కాగితం పరిచి దాన్ని చదునుగా అరగదీశాడు. కొత్త ప్యాకింగు కోసి బిగించాడు.

"కొండని తవ్వి ఎలకని పట్టాంరా" అన్నాడు పెద్ద మేస్త్రీ సంతోషంగా. అది ఆయన మెచ్చుకోలు. అంతకన్నా పెద్దది ఆయన దగ్గర లేదు.

స్టార్టు చేశారు. తిండి తిని కునుకు తీస్తున్న మనిషి ఊపిరిలా ఉంది స్లో. చిన్న మేస్త్రీకి చెవులు చల్లబడ్డాయి. పెద్ద మేస్త్రీ సొరుగులోంచి బిళ్ళ తీసుకొచ్చి, పైమూత తుడిచి, నిలబెట్టాడు. పడింది. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ పడింది.

అక్కడ మొదలైంది. అప్పట్నుంచి రోజూ కార్బొరేటర్ దిగుతూనే ఉంది, ఎక్కుతూనే ఉంది. ప్లగ్గులు మారాయి. పాయింట్లు మారాయి. ఇంజను కింద రబ్బరు దిమ్మలు కూడా మారాయి. చెయ్యగలిగినవన్నీ చేశాక, చేసినవే మళ్ళీ చేస్తున్నారు.

తప్పు ఎక్కడుందో చిన్న మేస్త్రీకి రెండోరోజే అనుమానం వచ్చింది. అనుమానం అనడం కూడా అబద్ధమే. చలికాలంలోనే చూశాడు. టీ గ్లాసు కుడిచేతిలోంచి ఎడమచేతికి మారింది. "ఏంటి బావా?" అంటే "చలిరా" అన్నాడు. ఎండలు ముదిరాక ఆ మాట అనడం మానేసి, చెయ్యి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. స్పానరు గట్టిగా బిగించి పట్టుకున్నంతసేపూ ఆ చెయ్యి రాయిలా ఉంటుంది. చిన్నదాన్ని సుతారంగా పట్టుకోవాల్సి వస్తేనే, వేళ్ళ కొసల్లో ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు కదులుతుంది. కార్బొరేటర్ లోపల ఉండేవన్నీ చిన్నవే. జెట్టు అని, బియ్యపుగింజంత ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది. మొన్న అది ఆయన వేళ్ళలోంచి జారి, కార్బొరేటర్ దించాక తెరుచుకునే ఇంజను గొంతు అంచున ఆగింది. లోపలికి పోతే ఇంజను పని అంతే. ఇత్తడి కాబట్టి అయస్కాంతానికీ రాదు. అప్పట్నుంచి కార్బొరేటర్ దించగానే ఆ గొంతులో గుడ్డ కుక్కడం అలవాటు చేసుకున్నాడు చిన్న మేస్త్రీ.

"ఆ గుడ్డెందుకురా?"

"దుమ్ము బావా. టైర్ల గోదాము వాడు ఊడుస్తున్నాడు."

గోదాముకి ఆ పూట తాళం వేసే ఉంది. పెద్ద మేస్త్రీ అటు చూసి, స్పానరు అందుకున్నాడు.

ఆరోజూ విప్పి బిగించడం అయ్యి, మధ్యాహ్నం బావ భోజనానికి వెళ్ళాక, చిన్న మేస్త్రీ షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. జీపు స్టార్టు చేశాడు. బిళ్ళ తీసుకుని, ఇంజను పైమూత మీద అంచున పెట్టి, ఊపిరి బిగబట్టి వేళ్ళు వదిలాడు.

నిలబడింది.

దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూశాడు. ఇంజను ఆడుతోంది, బిళ్ళ నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆ బిళ్ళని తను నిలబెట్టడం అదే మొదటిసారి. సంతోషించాల్సింది. సంతోషం కలగలేదు. బండిలో తప్పు ఉంటే బాగుండునని మెకానిక్కు అనుకోవడం ఎక్కడైనా ఉందా? అనుకున్నాడు. ఎక్కడో ఓ మూల, తమ ఇద్దరికీ అందకుండా, ఇంకో ప్యాకింగు చిరిగి ఉంటే బాగుండును.

"ఏంటి చిన్న మేస్త్రీ, పట్టాభిషేకమా?" అన్నాడు పక్క కొట్టు వెల్డింగు బాబాయి గుమ్మంలోంచి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని చూస్తున్నాడు.

చిన్న మేస్త్రీ గబుక్కున బిళ్ళని గుప్పిట్లోకి లాక్కున్నాడు. "ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండి" అన్నాడు.

"నిలబడిందిగా?"

"లేదు బాబాయ్. పడింది."

బావ తిరిగొచ్చాక తను భోజనానికి వెళ్ళాడు. షెడ్డు వెనక సందులోనే అక్క ఇల్లు. ముందు ఒక గది, వెనక వంటిల్లు. అక్క వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని బావ చొక్కా కుడుతోంది. తమ్ముడికి కంచం పెట్టి, మళ్ళీ సూది అందుకుంది.

"కొత్త చొక్కాకి అప్పుడే ఏమైందే?" అన్నాడు.

"ఏం కాలేదు. తిను."

తింటూ చూశాడు. చొక్కా ముందు వరసలో బొత్తాలన్నీ ఉన్నాయి. కానీ కాజాలు కుట్టి మూసేసి, బొత్తాల్ని వాటి మీదే కదలకుండా కుట్టేసింది. లోపలివైపు టిచ్ బటన్లు పెడుతోంది. పైకి చూస్తే ఎప్పటి చొక్కాయే. ఆ పక్క ఈ పక్క అరచేత్తో నొక్కితే చాలు, పట్టేస్తుంది.

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎప్పట్నుంచీ?"

"అన్ని చొక్కాలకీ అయిపోయాయి. ఇదే ఆఖరుది."

"బావ ఏమన్నాడు?"

"ఏమంటారు? మొదటిరోజు వేసుకుని, ఒకసారి తడిమి చూసుకుని, టిక్కు టిక్కుమని నొక్కుకుని వెళ్ళిపోయారు. నేను చేశానని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు." దారం పంటితో కొరికింది. "టీ గ్లాసులో సగమే పోస్తున్నాను. 'పాలకి కరువొచ్చిందా' అని ఒక్కసారైనా వేళాకోళం ఆడతారేమోనని చూశాను. ఆడలేదు."

"అక్కా, డాక్టరుకి చూపిద్దాం. నేను చెప్తాను బావతో."

"నువ్వు చెప్తావా?" అక్క మొదటిసారి తలెత్తింది. "ఏమని చెప్తావురా? బావా, నీ చెయ్యి పోయిందనా? మొన్న గెడ్డం గీసుకుంటుంటే కోసుకున్నారు. రక్తం చూసి నేను పరిగెత్తుకెళ్తే, బ్లేడు మంచిది కాదని ఆ కంపెనీని తిట్టిపోశారు. ఆ తిట్లు వింటూ గుమ్మంలో నిలబడ్డాను. ఇంకేం చెయ్యను? మనిషి తనంతట తను అనేదాకా నువ్వు అనకు. నామీద ఒట్టు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చిన్న మేస్త్రీ చెయ్యి కడుక్కుని వచ్చేశాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, భుజాన మందుల సంచీ. సగం దారి పాల ట్రాక్టరు మీద, మిగతాది నడిచీ వెళ్ళొచ్చిందిట. పై మందల్లో దూడలకి జ్వరాలు మొదలయ్యాయి. జీపు ఆడుతుంటే పక్కన నిలబడి కాసేపు వింది.

"ఇప్పుడు బాగానే ఉంది కదా మేస్త్రీ? నాకైతే తేడా ఏమీ తెలీడం లేదు."

"మీకు తెలిస్తే నేనెందుకమ్మా?" అన్నాడు పెద్ద మేస్త్రీ నవ్వుతూ. "దూడకి జ్వరం తగ్గిందని మీరు చెప్పాలి గానీ పక్కింటాయన చెప్తే ఒప్పుకుంటారా? ఇదిగో చూడండి."

బిళ్ళ తీశాడు. ఇంజను మీద పెట్టాడు. వేళ్ళు వదలబోతుంటే వేళ్ళే దాన్ని తోశాయి. పడింది. డాక్టరమ్మ బిళ్ళని చూడలేదు. ఆయన మణికట్టునే చూసింది, గొడ్డు కుంటుతుంటే గిట్టని చూసినట్టు. ఆ చూపు చిన్న మేస్త్రీ కనిపెట్టాడు. ఆయన మాత్రం బిళ్ళ కోసం వంగాడు.

చిన్న మేస్త్రీ గేటు దాకా సాగనంపడానికి వెళ్తే ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "ఎన్నాళ్ళుగా ఉంది ఆ వణుకు?"

"చలికాలం నుంచమ్మా."

"ఎవరికైనా చూపించారా?"

"ఆయన ఎవరికీ చెప్పలేదు. మేమూ చూడనట్టే ఉంటున్నాం."

ఆవిడకి అర్థమైంది. "నేను పశువుల డాక్టర్ని. నేనేం చెప్పినా బాగుండదు. నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి." ఒక క్షణం ఆగి, "మరి జీపు?" అంది.

"జీపు బాగుందమ్మా. రేపు వచ్చి తీసుకెళ్ళండి" అనేశాడు. బావ లేకుండా బండి గురించి మాటివ్వడం అతని జన్మలో లేదు.

ఇచ్చిన మాట నిలబడాలంటే ముందు బిళ్ళ నిలబడాలి. ఆలోచిస్తూ పడుకుంటే, కళ్ళ ముందు అక్క కుట్టిన చొక్కా కనబడింది. పైకి బొత్తాం, లోపల టిచ్ బటన్. అంతేగా కావలసింది? ఇంట్లో చెల్లింది షెడ్డులో చెల్లదా?

తెల్లవారి బావ కన్నా ముందే షెడ్డు తెరిచాడు. ప్యాకింగులకి రాసే గమ్ ట్యూబు తీసి, ఇంజను పైమూత మీద, బావ ఎప్పుడూ బిళ్ళ పెట్టేచోట, అగ్గిపుల్లతో సన్నగా చిన్న గీత రాశాడు. తడి ఆరి, వేలికి బంకగా తగిలేదాకా ఆగాడు. ఇంజను ఎంత వేడెక్కినా ఊడని గమ్ అది. వెలుగు పక్కవాటుగా పడితే తప్ప కనబడదు.

పెద్ద మేస్త్రీ వచ్చాడు. రాత్రి తనే మళ్ళీ బిగించిన కార్బొరేటర్ వైపు చూసి, "ఊఁ, కానీ" అన్నాడు. ఇంజను అందుకుంది. కాసేపు వేడెక్కనిచ్చాడు. బిళ్ళ తీశాడు. చిన్న మేస్త్రీ స్పానర్ల గోడ వైపు తిరిగి, ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు. వెనక నుంచి బిళ్ళ పడిన చప్పుడు రాలేదు.

"ఒరేయ్" అన్నాడు పెద్ద మేస్త్రీ. ఆ గొంతు విని చాలా రోజులైంది. "ఒరేయ్, ఇటు చూడరా!"

చూశాడు. బిళ్ళ నిలబడి ఉంది. దాని పక్కన బావ మొహం, కొత్త పెళ్ళికొడుకు మొహంలా ఉంది. "చెప్పానా? అన్నన్నిసార్లు విప్పుతుంటే నా మీద కళ్ళెర్రజేశావు. ఇప్పుడు చూడు. ఓ బాబాయ్! వెల్డింగు బాబాయ్! ఒకసారి ఇలా రా!"

వెల్డింగు బాబాయి వచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది చిన్న మేస్త్రీకి, ఆ ఆటలో ఆఖరి అంకం. బిళ్ళ నిలబడ్డాక, చూడటానికి వచ్చినవాళ్ళ కోసం పెద్ద మేస్త్రీ యాక్సిలరేటర్ తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజేవాడు. ఇంజను రయ్యిమని అరిచేది. బిళ్ళ ఎగిరి పడేది. అది నేల తాకకముందే ఆయన అరచేతిలో ఉండేది. చాలాకాలంగా చూడక అది మరిచేపోయాడు.

"బావా, వద్దు, ఇప్పుడెందుకు..." అన్నాడు.

పెద్ద మేస్త్రీ ఎడమ అరచెయ్యి కింద పట్టి, కుడిచేత్తో తీగ గుంజాడు. ఇంజను అరిచింది. జీపు ఒళ్ళంతా ఊగింది. బానెట్ కడ్డీ గణగణలాడింది. బిళ్ళ కదల్లేదు.

ఇంకోసారి గుంజాడు. అరచెయ్యి అలాగే పట్టి ఉంది.

వెల్డింగు బాబాయి పగలబడి నవ్వాడు. "ఏం మేస్త్రీ, నాకు చెప్పకుండానే వెల్డింగు పెట్టించావా దానికి?"

మిగతా ఇద్దరూ నవ్వలేదు. బాబాయి ఒకసారి ఇద్దరి మొహాలూ చూసి, కళ్ళజోడు కిందికి దించుకుని, "రాడ్లు కాలిపోతున్నాయి" అని గొణుగుతూ వెళ్ళిపోయాడు.

పెద్ద మేస్త్రీ ఇంజను ఆపాడు. బిళ్ళ పట్టుకుని లాగాడు. దానితోపాటు సన్నటి బంక తీగలా సాగి తెగింది. వేలితో తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ప్యాకింగు గమ్" అన్నాడు.

చిన్న మేస్త్రీ తల దించుకున్నాడు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చుని, బిళ్ళని గుడ్డతో తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు. "స్లో బాగుంటే గమ్ ఎందుకు పెడతావురా?"

చిన్న మేస్త్రీ బానెట్ అంచు మీది మసి గుడ్డతో తుడవసాగాడు.

"చెప్పు. బాగున్న ఇంజను మీద బిళ్ళ దానంతట అదే నిలబడుతుంది కదా? నువ్వు అతికించాల్సిన పనేముంది? అంటే నీకూ తెలుసు, బాగాలేదని. ఇన్నాళ్ళూ బాగుంది బాగుందని నన్ను పిచ్చివాణ్ణి చేశావు. నిన్న గేటు దగ్గర డాక్టరమ్మతో గుసగుసలు చూశాను. ఆవిడ తొందరపెట్టింది, నువ్వు మాటిచ్చావు, దాన్ని నిలబెట్టుకోడానికి ఇది అతికించావు. రేపు ఆ ఏటవాలులో మళ్ళీ ఆగిపోతే? ఈసారి రాయి అడ్డం రాకపోతే? ఈ షెడ్డులో ఇలాంటి పని ఎప్పుడైనా జరిగిందా?"

"బావా, అలా కాదు..."

"మరెలా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న మధ్యాహ్నం నేను పెడితే నిలబడింది బావా. ఇంతే. ఈ ఒక్క మాట అంటే తను దొంగ కాడు, బండికి తప్పు లేదు, డాక్టరమ్మ ఈ పూటే కొండెక్కుతుంది. తలెత్తి బావ వైపు చూశాడు. పెద్ద మేస్త్రీ ఒళ్ళో బిళ్ళ ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. నోరు "మరెలా, చెప్పు" అని మళ్ళీ అంది. కళ్ళు మాత్రం, ఇంట్లో ఎవరో పోయారన్న కబురు మోసుకొచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపేయాలని చూసేవాడి కళ్ళలా ఉన్నాయి.

"తప్పయింది బావా" అన్నాడు చిన్న మేస్త్రీ.

పెద్ద మేస్త్రీ ఎడమచేత్తో బిళ్ళని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత, "సరేలే. తొందరలో గడ్డి తిన్నావు. ఇంకెప్పుడూ చెయ్యకు" అన్నాడు. ఆ క్షమించడంలో ఉన్న తేలికదనం చూసి చిన్న మేస్త్రీకి ఏడుపొచ్చినంత పనైంది. తను దొంగగా దొరకడం ఆయనకి ఎంత సాయమైందో! ఇందాకటి దాకా ఆ షెడ్డులో ఉన్న అనుమానం ఒకటే, అది ఆయన చేతిమీద. ఇప్పుడు తప్పు బండిదే అనడానికి ఆయనకి సాక్ష్యం దొరికింది, సాక్షి సొంత బావమరిది.

"పైపైన చూసి లాభం లేదు. లోపలుంది" అన్నాడు పెద్ద మేస్త్రీ లేచి, ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి. మాటలో ఎప్పటి మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. "వాల్వులు సరిగ్గా కూర్చోడం లేదు. హెడ్ దించాలి. వాల్వులు ఒక్కొక్కటీ తీసి, నూరి, మళ్ళీ కూర్చోబెట్టాలి. అప్పుడుగానీ దీని రోగం కుదరదు."

సిలిండర్ల మీద కూర్చునే ఆ హెడ్ దించడమంటే మనిషికి గుండె తెరవడం లాంటిది. సిలిండర్లన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాల్వులని పట్టి ఉంచే గోరంత తాళాలు, స్ప్రింగుల నడుమ నుంచి ఒక్కొక్కటీ రెండు వేళ్ళతో తియ్యాలి, రెండు వేళ్ళతో పెట్టాలి. ఒకటి జారిందంటే ఎక్కడికి పోయిందో వెతకాలి. ఏ తప్పూ లేని ఇంజను. హాయిగా ఊపిరి తీస్తున్న ఇంజను.

"బావా, వాల్వులు బాగానే ఉన్నాయేమో. ముందు ఒకసారి గేజీ పెట్టి కంప్రెషను చూస్తే..."

"చూడు. నిన్నెవరు వద్దన్నారు? అది బాగుందని నువ్వంటే నేను నమ్మాలి కదా మరి?" అన్నాడు పెద్ద మేస్త్రీ. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చే వేళకి డాక్టరమ్మ వచ్చింది. సంచీ నిండా మందులు సర్దుకుని, నీళ్ళ సీసా కూడా తెచ్చుకుంది. నేరుగా జీపు వెనక తలుపు తీసి సంచీ లోపల పెట్టేసింది. "రాత్రి ఇంకో రెండు దూడలు పడిపోయాయట. ఇప్పుడు బయల్దేరితే చీకటి పడకుండా దిగొచ్చేస్తాను" అంటూ తాళం కోసం చెయ్యి చాపింది.

తాళం పెద్ద మేస్త్రీ జేబులో ఉంది. ఆయన తియ్యలేదు. "ఇవాళ కాదమ్మా. వాల్వుల్లో ఉంది తప్పు. హెడ్ దించాలి."

"అదేంటి? నిన్న..." ఆవిడ చిన్న మేస్త్రీ వైపు తిరిగింది. "నిన్న బాగుందన్నారు కదా మీరు?"

"వాణ్ణే అడగండి" అన్నాడు పెద్ద మేస్త్రీ. గోడ దగ్గరికి వెళ్ళి, పెద్ద స్పానరు ఒకటి కొక్కెం మీంచి తీసి, గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. అది పట్టుకున్నంతసేపూ చెయ్యి కదల్లేదు.

"చిన్న మేస్త్రీ, మీరు చెప్పండి" అంది డాక్టరమ్మ. ఒక అడుగు దగ్గరికి వచ్చి, మెల్లిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "జీపులో తప్పు ఉందా?"

పక్క కొట్లో వెల్డింగు ఆగింది. చిన్న మేస్త్రీ జీపు వెనక్కి వెళ్ళి, ఆవిడ పెట్టిన మందుల సంచీ బయటికి తీశాడు. నేల మీద నూనె లేని చోటు చూసి పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

"ఉందమ్మా. హెడ్ దించాలి" అన్నాడు. "రేపు పొద్దున్నే మొదలుపెడతాం. బావ చెప్తాడు. విప్పేదీ బిగించేదీ నేను."